కోడలు కడిగిన గోడ

ఉదయం ఆరుంబావుకి కొత్త కోడలు బ్రష్షూ, సబ్బునీళ్ళ బకెట్టూ పట్టుకుని సముద్రం వైపు గోడ దగ్గరికి వెళ్ళింది. కొండ మీద ఊళ్ళో పుట్టిన పిల్ల. మురికి కనిపిస్తే చేతులు ఊరుకోవు. పాత పగడపు రాళ్ళతో కట్టిన ఆ గోడ నిండా దట్టంగా నాచు. ఎండెక్కేసరికి గోడ తెల్లగా మెరిసింది. అత్తగారు మెచ్చుకుంటుందని కోడలు ఆశపడింది.

పడవలు బాగుచేసే అత్తగారు షెడ్డులోంచి వచ్చి, గోడ చూసి, మెట్టు మీద కూలబడింది.

“ఇప్పుడు చిలకచేప ఏం తింటుందే?”

ఆ వీధిలో నాచు ఎవరూ గీకరు. రోజూ పొద్దున్నే చిలకచేప సముద్రంలోంచి పైకి లేచి, ఛాతీ ఎత్తున గాలిలో ఈదుతూ వస్తుంది. నీలం ఒళ్ళు, గులాబీ పెదవులు, చిలక ముక్కులాంటి పళ్ళు. నాచుని రాతి పొడితో సహా కరకరా కొరుక్కు తిని, వెనక నుంచి తెల్లటి ఇసుక రాలుస్తుంది. ఇళ్ళకీ అలలకీ మధ్య అడ్డు ఆ ఇసుకే.

మర్నాడు చేప బోసిగోడని మూతితో తాకి చూసి, పక్కింటికి పోయింది. కొన్నాళ్ళకే అలలు మెట్లదాకా వచ్చాయి. తీరం కొలిచే ఉద్యోగి కర్ర పాతి చూశాడు. “అమావాస్య పోటుకి నీళ్ళు గడప దాటితే ఇల్లు ఖాళీ చెయ్యాలమ్మా.”

పక్కింటి దర్జీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “ఏం వదినా, కోడలు వస్తూనే కొంపకి ఎసరు పెట్టిందా?”

“కడగమన్నది నేనే. నీ కుట్టు నువ్వు చూసుకో!”

అత్తగారు చెప్పింది అబద్ధం. కోడలు ఏడవలేదు. బకెట్టు తీసుకుని సముద్రంలోకి దిగింది. రోజుల తరబడి ఉప్పునీళ్ళు మోసి గోడని తడిపింది, ఎండకి ఆరిపోకుండా తడి గోనెలు కప్పింది. నాచు పట్టిన రాళ్ళు ఏరుకొచ్చి సందుసందునా ఇరికించింది. అరచేతులు పగిలాయి.

“చాల్లేవే, చేతులు చూసుకో.”

“గోడ పచ్చబడనీయండి అత్తయ్యా, తర్వాత చూసుకుంటాను.”

గోడ పచ్చబడింది. ఒకరోజు తెల్లారేసరికి ఆ గోడ ముందు గాలి నిండా చిలకచేపలు, పెళ్ళిపందిట్లో చుట్టాల్లా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వాకిట్లో కరకరా చప్పుడుకి మాట వినిపించలేదు. అత్తగారు వీధిలోకి వెళ్ళి గట్టిగా పిలిచింది: “ఏమయ్యా దర్జీ, నీ గోడ ఖాళీ! మా కోడలి పంక్తిలో అందరూ కూర్చున్నారు, వచ్చి చూడు!”

అమావాస్య పోటు కొత్త ఇసుక గట్టు దగ్గరే ఆగిపోయింది. ఉద్యోగి కర్ర పీక్కుని వెళ్ళాడు.

కొన్నాళ్ళకి సంగతి తెలిసింది. ఆ ఒక్క ఇంటిముందు అంత ఇసుక ఎక్కడిదని ఆఫీసులో పెద్దాయన అడిగాడట. “ఆ ఇంటి కోడలు తెచ్చిందండీ” అన్నాడట ఉద్యోగి.