నాలుగు టిప్పర్ల మట్టి

మా పెరడు పొడవు ముప్పై అడుగులు, వెడల్పు ఇరవై రెండు. బట్టలు కొలిచే టేపుతో ఆ కొలతలు నేనే తీశాను. తెనాలి స్టేషన్‌కు ఐదు నిమిషాల నడకలో ఇంత ఖాళీ జాగా ఉండడం అదృష్టమని ఇంటికి వచ్చినవాళ్లందరూ అంటారు. అయితే అది గుంట. వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేచింది, మా ఇల్లు కిందికి దిగింది. వాన పడితే నాలుగైదు రోజులు పెరట్లో నీళ్లు నిలిచేవి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి, నాలుగేళ్లుగా, వెనక గుమ్మంలో మిషన్ వేసుకుని ఆ నీళ్ల ఎదుట జాకెట్లు కుడుతున్నాను. ఇంట్లో వెలుతురు ఉండేది ఆ గుమ్మంలోనే.

మా బావగారు షాకిర్‌కు ఆ జాగా మీద వేరే ఆలోచన ఉంది. రోజూ గుంటూరుకీ విజయవాడకీ రైల్లో వెళ్లేవాళ్లు బళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతుంటారు. పెరడంతా సిమెంటు చేయించి స్టాండ్ పెడితే బండికి పది రూపాయలు. అదే జరిగితే పొద్దున్నే మొదటి రైలు నుంచి చివరి రైలు దాకా మగవాళ్లు మా వెనక గుమ్మం ముందు తిరుగుతుంటారు. తలుపు మూసెయ్యాలి. తలుపు మూస్తే నా మిషన్ చీకట్లో పడుతుంది. నాకు అక్కడ నాలుగు మొక్కలు కావాలి, తలుపు తెరిచి ఉండాలి. ఈ మాట పెద్దగా చెప్పడం నాకు చేతకాదు. అందుకని నోటు పుస్తకంలో లెక్క రాసి మా అత్తగారు సైదా ముందు పెట్టాను.

ఆవిడ చదువుకోలేదు. నన్నే చదివి వినిపించమన్నారు. మెరకకు మట్టి, పన్నెండు ట్రాక్టర్లు, పద్దెనిమిది వేలు. నీళ్లు పోయే పైపు నాలుగున్నర వేలు. నడవడానికి నాపరాళ్లు ఏడు వేలు. పాదుల చుట్టూ ఇటుకలు రెండున్నర వేలు. కూలి మూడు వేలు. మొక్కలు ఐదు వేలు. మొత్తం నలభై వేలు. అవి జాకెట్లు కుట్టి నేను దాచుకున్న డబ్బులే.

బావగారు నవ్వి, ఆ డబ్బుకు ఇంకో పది కలిపితే సిమెంటే వేయించుకోవచ్చని అన్నారు. అత్తగారు ఆయన వంకా నా వంకా చూసి తేల్చేశారు.

"ఒక్కసారే సుమయా. ఈ నలభైలో అయితే తోట. చెడిపోయిందా, వాడు సిమెంటు వేయించుకుంటాడు. మళ్లీ నా దగ్గరికి రాకూడదు."

నేను సరే అన్నాను. ఆ లెక్కలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. తప్పు మట్టిలో వచ్చింది.

మావారు ఇర్షాద్ మోటార్లు బాగుచేస్తారు. ఎవరి మోటారు బాగుచేస్తే వాళ్లు ఆయనకు స్నేహితులు అయిపోతారు. అలా అయినవాడే రేపల్లె సన్నీ. కంకర తీసుకుని రేపల్లె వైపు వెళ్లే టిప్పర్లు ఖాళీగా తిరిగి వస్తాయనీ, వాటిలో రొయ్యల చెరువు గట్టు మట్టి వేసి పంపిస్తాననీ, టిప్పరు రెండు వేల ఏడు వందలేననీ సన్నీ చెప్పాడట. పన్నెండు ట్రాక్టర్ల మట్టి నాలుగు టిప్పర్లలో వచ్చేస్తుంది. పద్దెనిమిది వేలకు బదులు పది వేల ఎనిమిది వందలు. ఏడు వేల రెండు వందలు మిగులుతాయని మావారు నా పుస్తకంలో నా పెన్నుతోనే రాశారు. ఆ డబ్బుతో బెంచీ చేయిద్దామని కూడా అన్నారు.

మొదటి టిప్పరు వచ్చింది. మా పక్క సందులో ట్రాక్టరు పడుతుంది, టిప్పరు పట్టదు. ఆ సంగతి మావారు గానీ సన్నీ గానీ ఆలోచించలేదు. మట్టి అంతా వీధిలో గుమ్మరించి డ్రైవరు వెళ్లిపోయాడు. పక్కింటివాళ్లు బళ్లు తియ్యలేక కేకలు మొదలుపెట్టారు. అప్పటికప్పుడు కూలీలను పిలిచి తట్టలతో లోపలికి మోయించాల్సి వచ్చింది. నాలుగు టిప్పర్లకూ అదే వరస. చివరికి కూలి మూడు వేలు కాస్తా పది వేల రెండు వందలు అయింది. మిగిలిన ఏడు వేల రెండు వందలూ పైసా తేడా లేకుండా తట్టల్లో వెళ్లిపోయాయి. బెంచీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అది పోతే పోయింది. నా బాధ వేరే.

మొదటి కుప్ప మీద నేను చెయ్యి పెట్టి చూశాను. నల్లగా, జిగురుగా బాగానే ఉంది. మా పుట్టిల్లు కాకుమాను. మా నాన్న కౌలుకు చేసేవారు. పొలం ఒప్పుకునే ముందు గట్టు మీద కూర్చుని చిటికెడు మట్టి నాలుక మీద వేసుకునేవారు, తర్వాతే మాట. నేనూ చిటికెడు తీసి వేసుకున్నాను. ఉప్పు. తట్టలు మోసేవాళ్ల ముందే మావారితో చెప్పాను, ఈ మట్టి చవుడని, మిగతా మూడూ వద్దనమని.

"మట్టి తినే అలవాటు ఉందని పెళ్లప్పుడు చెప్పలేదే మీవాళ్లు," అన్నారు మావారు.

కూలీలు నవ్వారు. నాలుగు టిప్పర్లకూ డబ్బులు ముందే ఇచ్చేశారని అప్పుడు తెలిసింది. నేను లోపలికి వచ్చి మిషన్ దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఇంకో నాలుగు మాటలు మాట్లాడి ఉంటే బాగుండేది. ఇది జరిగి ఆరు నెలలు కావస్తోంది, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తూ ఆ నాలుగు మాటలూ మనసులో అనుకుంటూనే ఉంటాను.

ఫిబ్రవరిలో మొక్కలు పెట్టాం. రెండు గోరింట, రెండు మందార, కరివేపాకు, జామ, నాలుగు నందివర్ధనాలు. మార్చి మధ్యకు ఆకుల అంచులు కాలినట్టు ఎర్రబడ్డాయి. నీళ్లు ఎక్కువ పోస్తున్నానని అత్తగారన్నారు. తక్కువ పోస్తున్నానని మావారన్నారు. బావగారు ఒక ఆదివారం మేస్త్రీని తీసుకొచ్చి పెరడు కొలిపించారు. ఉగాది నాటికి జామ మొక్క ఎండింది. మట్టి మీద తెల్లటి పొర పేరింది. పొద్దున్నే చూస్తే ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు ఉండేది.

నా మాట ఎవరూ వినరు కాబట్టి కాగితం మీద రాయించుకుని వద్దామనుకున్నాను. పెరట్లో ఐదు చోట్ల తవ్వి, కిలో మట్టి గుడ్డసంచిలో కట్టి, పాసింజరెక్కి బాపట్లలో మట్టి పరీక్ష చేసే చోటికి వెళ్లాను. అక్కడ బర్నబాస్ అనే పెద్దాయన సంచి విప్పి, వేళ్ల మధ్య నలిపి చూశారు.

"రొయ్యల చెరువుదా అమ్మా?"

"అవునండి."

"ఎంతకి కొన్నారు?"

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు. వారం తర్వాత మళ్లీ వెళ్తే కాగితం ఇచ్చారు. మంచినీళ్లు నిలబెట్టి, జిప్సం వేసి, రెండు వానాకాలాలు ఉప్పును కిందికి దింపాలట. కానీ మా పెరట్లో నీళ్లు దిగితే గోడల కిందికే దిగుతాయి. ఆ మాట చెప్పాను. అయితే మట్టి తీసెయ్యడం తప్ప దారి లేదన్నారు.

"దీని మీద సిమెంటు వెయ్యొచ్చా అండి?" అని అడిగాను.

"ఎందుకమ్మా, పొరలు పొరలుగా లేచిపోద్ది. గోడలక్కూడా పాకుద్ది. ఈ పాటికి మొదలయ్యే ఉంటది, చూసుకోండి."

ఇంటికి వచ్చి కాగితం చదివి వినిపించాను. మొక్కలు బతకలేదు కాబట్టి మాట ప్రకారం జాగా తనదేనన్నారు బావగారు. సిమెంటు నిలవదని చెప్పాను. తోట పోతోందని అలా అంటున్నానని ఆయన అనుకున్నారు. మే నెల మొదట్లో యాభై వేలు తీసి మేస్త్రీకి కబురు చేశారు.

మేస్త్రీ వచ్చిన రోజునే బావగారి గదిలో మంచం జరిపారు. ఆ గది వెనక గోడ పెరటి వైపు ఉంటుంది. మంచం వెనక గోడ అడుగున మూరెడు ఎత్తున సున్నం ఉబ్బిపోయి ఉంది. మేస్త్రీ వేలితో గీకితే ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలింది. అతను అక్కణ్ణుంచి పెరట్లోకి వచ్చి, వంగి, తెల్లటి పొరను వేలితో తీసి, నాలుక మీద వేసుకున్నాడు.

"ఈ మట్టి తీసేదాకా నేను తాపీ పట్టుకోనండీ," అన్నాడు.

కూలీలు లేరు కాబట్టి ఈసారి ఎవరూ నవ్వలేదు.

మట్టి తవ్వించి ట్రాక్టర్ల మీద ఊరవతలకు తోలించడానికి, బావగారి గోడ మళ్లీ ప్లాస్టరింగ్ చేయించడానికి ఆ యాభై వేలలో ముప్పై నాలుగు అయిపోయాయి. మిగిలిన పదహారు వేలతో సగం పెరడుకు కూడా సిమెంటు రాదు. గుంటలో బళ్లు పెట్టుకోరు. బావగారు ఇర్షాద్‌తో పది రోజులు మాట్లాడలేదు. మావారు సన్నీకి ఫోన్ చేసి గట్టిగా అడుగుతానని రోజూ అన్నారు.

జూన్‌లో మొదటి వాన పడింది. పెరడు పాత పెరడైపోయింది. అవే నీళ్లు, అవే కప్పలు. నాపరాళ్లు, ఇటుకలు గోడ పక్కన పేర్చి ఉన్నాయి. నా నలభై వేలు, బావగారి ముప్పై నాలుగు వేలు పోసి ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం. వెనక తలుపు తెరిచి ఉంది, అంతే.

ఆ వాన వెలిసిన మధ్యాహ్నం అత్తగారు నా పక్కన పీట వేసుకుని కూర్చున్నారు.

"రాళ్లున్నాయి, పైపుంది. మళ్లీ ఎంతవుద్ది?"

మళ్లీ రాకూడదన్నది ఆవిడే. అది గుర్తు చేయలేదు. పుస్తకం తీసి కొత్త పేజీలో మట్టి, పద్దెనిమిది వేలు అని రాయబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ముందు నీ బస్సు చార్జీ రాయి. మట్టి ఎక్కడ కొంటే అక్కడికి నువ్వే వెళ్లు. చూసి, నువ్వు బాగుంది అంటేనే డబ్బులు."

అప్పుడే మావారు అన్నానికి వచ్చారు. చేతులు కడుక్కుంటూ, సన్నీ ఫోన్ చేశాడనీ, జరిగినదానికి చాలా బాధపడ్డాడనీ, వేరే చెరువు మట్టి ఉందనీ, అందులో అసలు ఉప్పే లేదనీ, టిప్పరు రెండు వేల నాలుగు వందలకే ఇస్తాడనీ చెప్పారు.

నేను తలెత్తలేదు. చెప్పాల్సిన నాలుగు మాటలూ గొంతు దాకా వచ్చాయి. అత్తగారు నాకంటే ముందే అన్నారు.

"రమ్మను. వచ్చి నా ముందు పిడికెడు తినమను."

మావారు చెయ్యి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. నేను పేజీ పైన 'కాకుమాను బస్సు, రానూపోనూ' అని రాశాను. కింద అంకె వేయడానికి డబ్బు ఎక్కడిదో ఇంకా తెలియదు. మిషన్ మీద పద్నాలుగు జాకెట్లు ఉన్నాయి.