చెరపని సంకేతము

ప్రచండమార్తాండకిరణసంతాపమున రేకుల కప్పులు పెనములవలె కాలుచు నూనె మరకలంటిన నేల నుండి సెగలెగయుచు సుత్తెల మోతలు సైతము మందగించిన యొకానొక వైశాఖమధ్యాహ్నమున బెజవాడ ఆటోనగరమునందలి యొక షెడ్డు ముంగిట తెల్లని పాతకారొకటి మొరాయించి నిలిచెను. ఆ షెడ్డు కోటిలింగము మస్తాను అను నిరువురిది. ఇంజనుపని మస్తానుది, తీగలపని కోటిలింగముది. పందొమ్మిదేండ్లుగా నొకే క్యారేజీలోని యన్నమును పంచుకొని తినిన వారి నడుమ నాటివరకు పొరపొచ్చెమన్నది లేదు.

మూడుదినముల క్రిందటనే మస్తాను ఆ కారునకు నీటివేడిని కొలుచు సెన్సారును క్రొత్తది బిగించియుండెను. మరల నేల ఆగినదని యజమాని కేకలు వేయగా కోటిలింగము బానెట్టునెత్తి ఇంజనుప్రక్క నమర్చిన పరీక్షాపేటికలోని రెండు రంధ్రములను చిన్నతీగతో కలిపి ఇంజను నడపక తాళము మాత్రము త్రిప్పి మీటరుపలకపై మినుకుమనుచున్న పసుపుదీపమును లెక్కింపసాగెను. రెండు మెరుపులు, విరామము, మరల రెండు. ఇరువదిరెండు! సెన్సారు చెడినదనుటకు అదియే సంకేతము.

"మార్చకుండానే మార్చానని చెప్పావా మస్తానూ? ఇన్నేళ్లు నిన్ను నమ్మినందుకు బుద్ధొచ్చింది నాకు!" అని పొరుగు షెడ్లవారందరు వినుచుండగా ననెను.

మస్తాను చేతులు తుడుచుకొని వెడలిపోయెను.

పిదప కోటిలింగము సెన్సారును విప్పిచూచెను. అది క్రొత్తదే! కారాగుటకు కారణము పెట్రోలు పంపునకు పోవు తీగ వదులగుట. మరి ఆ సంకేతమో? మరమ్మతు ముగిసినపిదప బ్యాటరీ తీగను నిమిషముసేపు ఊడదీసిననేగాని ఆ కారు పాత సంకేతమును మరువదు. అది తీగలవాడైన తన పనియే. రేడియోలో కుదిర్చిపెట్టుకొనిన స్టేషన్లు చెరగిపోవునని యజమాని సణుగగా పోనిమ్మని నాడు దానిని మానెను. తాను చెరపక విడిచినదానిని తానే చదివి మిత్రుని దొంగను చేసితినే యని కుమిలికుమిలి యేడ్చెను.

ఆ సాయంకాలమే మస్తాను ఇంటికేగి సర్వమును విన్నవించి చేతులు పట్టుకొనెను. మస్తాను అతనిని కూర్చుండబెట్టి టీ యిప్పించెను.

"తప్పు నాదే మస్తానూ. రేపు షెడ్డుకి రా."

"తీగ ఊడదీస్తే బండి మర్చిపోద్దన్నా. నలుగురిలో నువ్వన్న మాట నేనెట్టా మర్చిపోయేది?"

ఆ పలుకున కోపము లేదు. లేకపోవుటయే కోటిలింగమును మిక్కిలి దహించెను.

కాలు జారిన తీసుకొనవచ్చునుగాని నోరు జారిన తీసుకొనలేమని పెద్దలూరక యనలేదు. మరునాడు కోటిలింగము పొరుగు షెడ్లవారినందరిని పిలిచి తన తప్పును తననోటనే చెప్పెను. అందరును విని జాలిగా తలలూపిరి. వినవలసినవాడు మాత్రము రాలేదు.