పైకి చదివే పని

వాషింగ్ మెషిన్ పదిన్నరకే ఎందుకు వెయ్యాలన్న గొడవ మంగళవారం సాయంత్రానికి మూడో రోజులో పడింది. అత్తగారిది ఒకటే మాట. పొద్దున్నే వేస్తే మనవరాలికి నిద్రాభంగం, మధ్యాహ్నం వేస్తే బట్టలు ఆరవు, మరి పదిన్నరకు కాక ఎప్పుడు వెయ్యాలి?

"అయినా నేనడిగింది సబ్బు పొడి గురించమ్మాయ్. నీ మందుల గురించి నేనడిగానా?" అందావిడ, దుప్పటి మడత పెడుతూ.

కోడలికీ తెలుసు, ఆవిడ అడిగింది సబ్బు పొడి గురించే. అదే అసలు చిక్కు.

కోడలు ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. మందు డబ్బాలో ఎనిమిది మడతలు పెట్టి ఒక కాగితం ఉంటుంది కదా, ఎవరూ విప్పి చదవనిది, దాన్ని అచ్చుకు వెళ్లే ముందు సరిచూడటం ఆమె పని. ఆ పని ఇద్దరు కలిసి చేస్తారు. ఒకరు డాక్టర్లు సంతకం పెట్టిన అసలు ప్రతిని కామాలతో, చుక్కలతో సహా పైకి చదువుతారు. రెండోవారు అచ్చు నమూనా మీద వేలు పెట్టి వింటారు. తేడా వస్తే ఎర్రసిరాతో దిద్దుతారు. పదకొండేళ్లుగా ఆమె చదువుతోంది. వినేది ఒక పెద్దాయన. ప్రతి వాక్యం చివరా తల ఊపి తనలో తాను "ఫుల్‌స్టాప్" అనుకుంటాడు కనక ఆఫీసంతా ఆయన్ని ఫుల్‌స్టాప్ గారనే పిలుస్తుంది. నాలుగేళ్లుగా ఈ చదువు కంప్యూటర్ల మధ్య సాగుతోంది. ఆయన తన ఇంట్లో, ఈమె తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర.

పోయిన వారం పిల్లల దగ్గు మందు వంతు వచ్చింది. "ఆరేళ్లు దాటిన పిల్లలకు పూటకు" అన్నదాకా చదివింది. సరిగ్గా అప్పుడే, పదిన్నరకు, అత్తగారు వంటింటి గుమ్మంలోంచి సబ్బు పొడి డబ్బా చూపించి, ఎంత వెయ్యమంటావని అడిగింది. "రెండు చెంచాలు" అంది ఈమె, కాగితం మీంచి కళ్లు తియ్యకుండానే. ఆ వెంటనే "కామా, భోజనం తర్వాత" అంటూ ముందుకు వెళ్లిపోయింది. అసలు ప్రతిలో ఉన్నది ఒక చెంచా. దాన్ని కళ్లతో చూసింది, పైకి చదివాననే అనుకుంది. అత్తగారి గొంతు దూరం నుంచి రావడంతో అవతలివైపు వినపడనే లేదు. ఫుల్‌స్టాప్ గారు నమూనాలో ఉన్న ఒకటిని కొట్టేసి ఎర్రసిరాతో రెండు అని దిద్దారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

అచ్చు వేసే చోట ఒక అమ్మాయి, అదే కాగితంలో వేరే భాషలో ఒక చెంచా అని ఉండటం చూసి ఫోన్ చెయ్యబట్టి సరిపోయింది. లేకపోతే ఎంతమంది పిల్లలకు రెండేసి చెంచాలు పోసేవారో. ఆ లెక్క ఆమె ఇంకా వేస్తూనే ఉంది.

మంగళవారం మేనేజరు ఉత్తరం పంపింది. పైకి చదివేవాళ్లు వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి, లేదా ఎవరూ అడుగుపెట్టని గది తమ ఇంట్లో ఉందని రాసివ్వాలి. రెండూ కుదరకపోతే చదువు మానేసి, పాత కాగితాలకు నంబర్లు వేసి సర్దే పని ఇంటినుంచే చేసుకోవచ్చు. శుక్రవారం లోపు చెప్పాలి.

"సర్దే పని హాయి కదా" అన్నాడు భర్త. "నీకు నోటికి విశ్రాంతి, మాకు ఇంట్లో మనిషి."

ఆయనకు ఈ విషయంలో కొంత అధికారం ఉంది. కంపెనీల వాళ్లకు కంప్యూటర్లో పాఠాలు చెప్పడం ఆయన ఉద్యోగం. ఈ ఏడాది పాఠం పేరు 'రేపటి ఉద్యోగం'. ఎక్కడ కూర్చున్నామన్నది కాదు, ఎంత ధ్యాసగా కూర్చున్నామన్నది ముఖ్యమని, పదేళ్లలో ఆఫీసు భవనాలను జనం టికెట్ కొనుక్కుని చూస్తారని రోజుకు రెండుసార్లు చెబుతాడు. ఇంట్లో తలుపు వేసుకోవడానికి వీలైన గదులు రెండు. ఒకటి అత్తగారిదీ మనవరాలిదీ. రెండోదాంట్లో కూర్చుని, గడియ పెట్టుకుని, ఆయన ఈ పాఠం చెబుతాడు.

బుధవారం ఎలా ఉంటుందో చూద్దామని ఆమె ఆఫీసుకు వెళ్లింది. వెళ్లడానికే గంటా పది నిమిషాలు పట్టింది, అందులో సగం నిలబడే. ఆఫీసులో ఆమె పాత బల్ల లేదు. ఎవరి బల్లా ఎవరిదీ కాదట, పొద్దున్నే ఫోన్లో వెతుక్కుని పట్టుకోవాలట. గుమ్మానికి బెలూన్లు కట్టి 'మళ్లీ మన గూటికి' అని రాసి పెట్టారు. వాటి కింద నిలబడిన మేనేజరు, పక్క గదిలో ఉన్నవాళ్లతో కంప్యూటర్లో సమావేశం పెట్టింది. ఏసీ చలికి చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, దీనికోసమా ఇంత దూరం వచ్చానని ఆమె పళ్లు నూరుకుంది. పెనం మీంచి పొయ్యిలోకి అంటే ఇదే కాబోలు.

పదకొండింటికి చదివే గది ఖాళీ అయింది. చిన్న గది, కిటికీ కూడా లేదు. ఫుల్‌స్టాప్ గారు అప్పటికే వచ్చి నమూనా పరుచుకుని కూర్చున్నారు. నాలుగేళ్లలో బాగా నెరిశారు. జరిగినదాని గురించి ఆయన ఎత్తలేదు. ఈమే ఎత్తింది. తప్పు నాదైతే మీక్కూడా మెమో వచ్చిందట కదా అంది.

"దిద్దింది నా చెయ్యేగా అమ్మా" అన్నారాయన. "ఒక చెంచా రెండెలా అయిందని అడగాల్సినవాణ్ని. మీరు చదివితే అడగడం అలవాటు తప్పింది. చదవండి."

ఆమె చదివింది. రెండు గంటలు ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఒక మాత్ర అన్నప్పుడు ఆయన ముఖంలోకి చూసింది, ఆయన వేలు ఒకటి మీద ఆగడం కనిపించింది. కంప్యూటర్లో ఆ వేలు కనపడేది కాదు.

అయినా ఇంటికొచ్చేసరికి నడుము విరిగినట్టయింది. వంటిల్లు పొద్దున వదిలినట్టే ఉంది. ఆ నీరసం చూసి భర్త జాలిపడ్డాడు.

"రేపట్నుంచి పదింటి నుంచి పన్నెండు దాకా గది నువ్వే తీసుకో. నేను హాల్లో కూర్చుంటాను. ఎవరూ రారని రాసిచ్చెయ్. ఈ బస్సుల తిప్పలన్నీ ఎందుకు?"

చెడ్డ సలహా కాదు. పనికొస్తుందేమోనని ఆమె మనస్ఫూర్తిగానే ఆశపడింది. గురువారం పదింటికి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఎవరూ రారన్నారు కదా అని గడియ పెట్టలేదు. ఫుల్‌స్టాప్ గారు తన ఇంట్లో నమూనా పరుచుకున్నారు. కళ్లలో వేసుకునే చుక్కల మందు.

పది పదికి భర్త తలుపు తోసుకుని వచ్చాడు. చార్జరు మర్చిపోయాడట. వేలితో సైగ చేసి, మునివేళ్ల మీద నడిచి, బల్ల కింద దూరి, వైరు లాగి, మళ్లీ మునివేళ్ల మీద వెళ్లాడు. ఆమె వాక్యం మొదటినుంచి చదివింది. పదిన్నరకు కూతురు వచ్చింది. దానికి కాలేజీ పదకొండింటికి, హెయిర్ డ్రయ్యరు ఈ గది బీరువాలో ఉంది. ఆమె పేరా మొదటినుంచి చదివింది. పదకొండుకు అత్తగారు తలుపు బార్లా తెరిచి, గ్యాసబ్బాయి వచ్చాడు, సంతకం కావాలట అంది. అవతలినుంచి ఫుల్‌స్టాప్ గారు, పేజీ మొదటికి వెళ్దామా అమ్మా అని మెల్లగా అడిగారు.

ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా, ఈ గదిలో మీ అబ్బాయి ఉంటే ఇలా తెరుస్తారా?"

అత్తగారు నొచ్చుకోలేదు. నిజంగానే ఆలోచించింది.

"వాడుంటే ఎందుకు తెరుస్తానమ్మా, వాడు పనిలో ఉంటాడు కదా. నువ్వే కదా అని వచ్చాను."

హాల్లో ఉన్న భర్త కిందికి వెళ్లి సంతకం పెట్టి వచ్చాడా అంటే అదీ లేదు. ఆయన పాఠంలో ఉన్నాడు. ఎంత ధ్యాసగా కూర్చున్నామన్నదే ముఖ్యమని చెబుతున్నాడు. కళ్లజోడు సరిచేసుకుంటూ ఆమెకు దారివ్వడానికి కాళ్లు మాత్రం పక్కకు జరిపాడు.

ఆమె సంతకం పెట్టి వచ్చి, గది బయట కొంచెంసేపు నిలబడింది. అదే తలుపు, అదే గడియ. ఆయన లోపల ఉంటే ఇంటిల్లిపాదీ గుసగుసలాడతారు, పాలు పొంగినా శబ్దం కాకుండా పొంగుతాయి. తను ఉంటే అది మామూలు బెడ్‌రూమ్. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఉంటే బావుండేది, తిట్టి పోసేది. రాసివ్వమన్నది ఎవరూ అడుగుపెట్టని గది ఉందని. అబద్ధానికి సంతకం పెట్టి, మళ్లీ కాగితాల మీద సంతకాలు ఎలా పెట్టడం?

సర్దే పని సంగతి కూడా నిజాయితీగానే ఆలోచించింది. నంబర్లు వేసుకుంటూ ఉంటే ఎవరు ఎన్నిసార్లు పిలిచినా పలకొచ్చు. అందుకే ఆ పని ఇంట్లో అందరికీ అంతగా నచ్చింది. పదకొండేళ్లుగా ఆమెకు చేతనైన పని మాత్రం ఒకటే, ఒక్క అక్షరం జారకుండా పైకి చదవడం.

శుక్రవారం పొద్దున నలుగురూ బల్ల చుట్టూ ఉన్నారు. భర్త, ఇవాళైనా ఆ కాగితం రాసిచ్చేశావా అన్నాడు. కూతురు ఫోన్ చూస్తోంది. అత్తగారు కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని చల్లారడం కోసం చూస్తోంది.

"సోమవారం నుంచి నేను ఆఫీసుకు వెళ్తున్నాను" అంది ఆమె. గొంతు పెంచలేదు. "వారానికి ఐదు రోజులూ. ఇందాకే రాసి పంపాను."

కూతురు ఫోన్లోంచి తలెత్తింది.

"మూడు రోజులేగా రమ్మన్నది" అన్నాడు భర్త. "ఆ బెలూన్ల ఆఫీసుకు ఐదు రోజులెందుకు? నువ్వే తిట్టుకున్నావుగా."

"ఇప్పటికీ తిట్టుకుంటున్నాను. మిగతా రెండు రోజులు కూడా చదివే పనే కదండీ."

మరి పగలు ఎవరైనా వస్తే ఎలా అని అత్తగారు నెమ్మదిగా అడిగింది. ఆ ప్రశ్న కూడా ఎప్పటిలాగే ఆమె వైపు చూస్తూనే అడిగింది.

"ఇంట్లో మీ అబ్బాయి ఉంటారు కదా అత్తయ్యా. ఎనిమిదింపావుకు బయల్దేరతాను, ఆరున్నరకు వస్తాను."