చేతి మీద చుక్కలు

మా దీవిలో జ్వరాన్ని నడక చూసి తేల్చేస్తారు. పోయినేడాది కీళ్ళజ్వరం వచ్చి ఊరు ఊరంతా వంగి నడిచింది. అప్పుడు మిగిలిన నొప్పి బిళ్ళలు ఇప్పటికీ ఇంటింటా భద్రం. అందుకే మా అత్తగారు జ్వరం రాగానే రోగీ తానే, డాక్టరూ తానే అయిపోయి వాటినే మింగారు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి జ్వరం దిగింది.

"చూశావా నా వైద్యం!" అన్నారు, కడుపు పట్టుకునే.

పుక్కిలించిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. అంతకంటే నన్ను భయపెట్టింది ఆవిడ నడక. నిటారుగా నడుస్తున్నారు. పైగా కీళ్ళజ్వరం ఆవిడకు నిరుడే వచ్చిపోయింది. మళ్ళీ రావడం అరుదని నర్సు అప్పుడే చెప్పింది. ఆ నర్సుకే ఫోన్ చేశాను.

ఆమె వస్తూనే బిళ్ళల అట్ట చూసి మొహం ముడుచుకుంది. "డెంగీ అయితే ఇవి నెత్తురు కారేలా చేస్తాయి పెద్దమ్మా!"

"రక్తపరీక్ష?" అన్నాను.

"అవతలి ఒడ్డుకి పంపితే ఫలితానికి మూడు రోజులు. ఇది అయిదు నిమిషాలు." బీపీ పట్టీ చేతికి బిగించింది.

"చెయ్యి ఊడదీసి పట్టుకుపోతావా ఏం?" అన్నారు అత్తగారు.

రేవులో ఆఖరి లాంచీ కూత వేసింది. నర్సు పట్టీ విప్పి, మోచేతి కింద పెన్నుతో అంగుళం గడి గీసింది. లోపల సన్నటి ఎర్రచుక్కలు. పది దాటితే డెంగీ అనుమానించాలట. తొమ్మిది దగ్గర ఆగుతుందేమో అనుకున్నాను. ఆమె పదిహేడు దాకా లెక్కపెట్టింది.

"లాంచీ ఎక్కాలి."

"జ్వరం తగ్గాక ఆసుపత్రేమిటే?"

"తగ్గినప్పుడే అసలు గండం, పెద్దమ్మా."

"రేపు చూద్దాంలే."

రెండో కూత. ఇక లాభంలేదని నేను చెయ్యి చాపాను. "సరే, పడుకోండి అత్తయ్యా. బీరువా తాళాలు మాత్రం ఇలా ఇవ్వండి. ఒంట్లో బాగాలేనివాళ్ళకి ఆ బరువెందుకు?"

పన్నెండేళ్ళుగా నేను ముట్టుకోని గుత్తి అది.

"నేనుండగానేనా!" అని లేచి, గుత్తి బొడ్లో దోపుకుని, మాకంటే ముందు రేవుకు నడిచారు.

లాంచీ సగం దారిలో ఉండగా ఆవిడ చెయ్యి చల్లబడింది. నుదుట చెమట. కళ్ళు మూసుకునే గుత్తి తీసి నా ఒళ్ళో పెట్టారు.

"ఊరికే పట్టుకో. దిగాక ఇచ్చెయ్యాలి."

నేను అడగలేదు. అడగకుండా ఇచ్చారు.

"ఇంకా వేగంగా పోనివ్వు బాబూ!" లాంచీ నడిపే అతని మీద కేకలేశాను.