ఎంసెట్ గేటు దగ్గర నూనె తల

మా మనవరాలు అశ్విత ఎంసెట్ పరీక్ష రాయగలిగిందంటే అది నా చలవే. ఉదయగిరిలో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు, ఎందుకంటే వాళ్ళందరికీ చెప్పింది నేనే. గేటు మూసే వేళ దగ్గరపడుతుంటే, లోపల మిషన్ మొరాయిస్తుంటే, అయిదో తరగతితో బడి మానేసిన ఈ హుసేనయ్య ఉపాయం చెప్పి ఆ పిల్లను గట్టెక్కించాడు. ఆ పరీక్షకు ఇప్పుడేదో కొత్త పేరు పెట్టారట. మా నోటికి మాత్రం ఎంసెట్టే తిరుగుతుంది.

మాది కొయ్య గరిటెల ఇల్లు. అడివి కొయ్యను నేను నరికి ముక్కలు చేస్తాను, మా ఆవిడ నాగులమ్మ చెక్కుతుంది, కోడలు మాధవి పిడికి పూలూ తీగెలూ దిద్దుతుంది. చివరికి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసే పని అశ్వితది. ఆమె రుద్దిన గరిటెలో మా పిల్లి మొహం చూసుకుని మీసాలు సవరించుకునేది.

ఇంటరులో తోటి పిల్లలంతా నెల్లూరు కోచింగులకు పోతే ఈమె మా వసారాలోనే కూర్చుంది. ఒడిలో చెంచా, ఎదురుగా పుస్తకం. చెంచా నునుపయ్యేలోపు లెక్క తేలాలి, అదీ ఆమె పెట్టుకున్న నియమం. చిన్న లెక్కలకు టీ చెంచాలు, పెద్ద లెక్కలకు అట్లకాడలు. మరీ మొండి లెక్కలను ముళ్ళ చెంచాలకు దాచుకునేది, వాటి సందుల్లో రుద్దడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి. పరీక్ష దగ్గరికొచ్చింది, ఇక పని మాని చదువుకో అని మాధవి ఎంత చెప్పినా వినలేదు. చేతులు ఊరకే ఉంటే తలలోకి ఏమీ ఎక్కదని ఆమె వాదన. మెకానికల్ ఇంజనీరింగు చదివి, కొయ్యను నునుపు చేసే మిషన్ తానే తయారు చేస్తుందట. ఆ మిషన్ వస్తే నాకేం పని మిగులుతుందే అంటే, దాని పక్కన కూర్చుని కోతలు కొయ్యమంది.

పరీక్ష ఆత్మకూరులో, ఒక కాలేజీలో పడింది. పొద్దు తొమ్మిదికి గేటు మూసేస్తారు, ఒక్క నిమిషం దాటినా రానివ్వరు. ఆ రోజు పోతే ఏడాది పోయినట్టే. అందుకని నాగులమ్మ చీకటితో లేచి ఇంట్లో ఆడవాళ్ళందరికీ తలంటు పోసింది. పరీక్షకు పోయే పిల్ల తలకి పోసుకోకుండా గడప దాటకూడదని ఆమె పట్టుదల. అశ్విత జుట్టు కుంకుడుకాయ పులుసుతో మూడుసార్లు రుద్దింది. నన్నూ రమ్మంది కానీ నేను దొరకలేదు. టౌనుకు పోతున్నాం కదా అని తలకు దండిగా ఆముదం పట్టించి, పాపిడి తీసుకుని, ముందే బస్టాండులో నిలబడ్డాను.

ఎనిమిదిన్నరకు కాలేజీ చేరాం. గేటు ఇనప ఊచలది. లోపల పది అడుగుల దూరంలో షామియానా, దాని కింద బల్ల, బల్ల మీద వేలిముద్ర మిషన్. నేనూ నాగులమ్మా బయట ఊచలు పట్టుకుని చూస్తున్నాం. అశ్విత వంతు వచ్చింది. బొటనవేలు పెట్టింది, ఎర్ర లైటు. చున్నీతో తుడుచుకుని పెట్టింది, ఎర్ర లైటు. రెండో చెయ్యి పెట్టినా అదే ఎరుపు. మిషన్ దగ్గరున్న అబ్బాయి ఆమె వేలు పట్టుకుని చూసి, గీతలేవమ్మా అని అడిగాడు.

గీతలెక్కడుంటాయి? రెండేళ్ళుగా కొయ్యతోపాటు బొటనవేళ్ళు కూడా నునుపెక్కాయి. లెక్కలన్నీ వచ్చాయి, వేళ్ళ మీది గీతలు పోయాయి.

పెద్ద సారు పై అంతస్తులో ఉన్నాడు, ఆయన దిగి వచ్చేదాకా పక్కన నిలబడమన్నాడు ఆ అబ్బాయి. ఆయన ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదు. పదిహేను నిమిషాలే ఉంది. అశ్విత హాల్ టికెట్టు పట్టుకుని పక్కన నిలబడింది. ఏడవలేదు కానీ ముక్కు ఎర్రబడింది.

ఉపాయం చెప్పాను అన్నాను కదా. నిజానికి ఆ ఘడియలో నేను చేసింది గేటు దగ్గరి కానిస్టేబులుతో తగువు. పనిలో పనిగా టౌనులో అమ్ముదామని తెచ్చిన సంచిలోంచి ఒక గరిటె తీసి, దీని నునుపు చూడు, మా పిల్ల వేలిముద్రలన్నీ ఇందులోనే ఉన్నాయి, దీన్ని మిషన్ మీద పెట్టుకోండి అన్నాను. ఆయన గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి, "పెద్దాయనా, దోసెలకు అట్లకాడ ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. నా ఉపాయం అంతటితో సరి.

అసలు ఉపాయం నాగులమ్మది. నలభై ఏళ్ళు కొయ్య చెక్కిన చెయ్యి ఆమెది. నెలనెలా రేషను మిషన్ దగ్గర ఆమె వేలు కూడా పడదు. బొటనవేలు తలకు రుద్ది, పైటకు ఒత్తి పెడితే గానీ బియ్యం రావు. ఆ నూనె జిడ్డుకు అరిగిన గీతలు కాస్త తేలతాయి.

ఆమె ఊచల్లోంచి గట్టిగా పిలిచింది. "అమ్మీ, వేలు తలకి రుద్దుకో. రేషను కాడ నేను చేసే మాదిరి."

అశ్విత జుట్టులో వేళ్ళు పెట్టి తీసి చూసుకుంది. "చుక్క నూనె లేదవ్వా. మూడుసార్లు కడిగింది నువ్వే కదా."

నాగులమ్మ తన తల తడుముకుంది. అదీ పొడి. ఆ తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఆ చూపు నాకు తెలుసు. కొయ్య మొద్దును ఎక్కడ చెక్కాలా అని చూసే చూపు అది.

"ఇట్రా నువ్వు" అంది.

నేను మాట్లాడేలోపే నా మెడ పట్టుకుని తలను రెండు ఊచల మధ్య ఆనించి నొక్కింది. అశ్విత పరుగెత్తుకొచ్చింది. బయటివాళ్ళను ముట్టుకోకూడదు, చీటీలు అందిస్తారు అని కానిస్టేబులు అడ్డం వచ్చాడు.

"అయితే నువ్వే వెతుక్కో నాయనా" అంది నాగులమ్మ.

ఆయన నిజంగానే నా జుట్టంతా వేళ్ళతో గాలించాడు. చీటీలు దొరకలేదు, మోచేతి దాకా ఆముదం దొరికింది. "రుద్దుకోమ్మా, తొందరగా రుద్దుకో" అని పక్కకు జరిగాడు, చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక.

అశ్విత రెండు బొటనవేళ్ళూ నా నడినెత్తిన రుద్దింది. నవ్వు ఆపుకోలేక వేళ్ళు జారిపోతున్నాయి. చున్నీకి ఒత్తుకుని వెళ్ళి మిషన్ మీద పెట్టింది. పచ్చ లైటు. షామియానా కింద ఉన్నవాళ్ళంతా ఒకేసారి హమ్మయ్య అన్నారు. గేటు మూయడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

అది చూసి మిగతా పిల్లలు ఊరుకుంటారా? జలదంకి నుంచి వచ్చిన పొగాకు తోటల పిల్ల, చేజర్ల నుంచి వచ్చిన ఇటుకల బట్టీ అబ్బాయి, ఇంకా ఎవరెవరో, మొత్తం ఏడుగురు వరసగా వచ్చి నా తలకు వేళ్ళు రుద్దుకుని పోయారు. చివరివాడి వంతు వచ్చేసరికి నా జుట్టు చీపురుకట్టలా పొడిబారి నిలబడింది.

మధ్యాహ్నం అశ్విత నవ్వుతూ బయటికొచ్చింది. చేతిలో చెంచా లేక మొదటి పది నిమిషాలూ ఏమీ తోచలేదట. ఆ తర్వాత ఎడమచేత్తో బల్ల అంచు రుద్దుతూ కూర్చుంటే లెక్కలన్నీ వాటంతటవే వచ్చాయట. ఆ బల్ల అంచు ఇప్పుడు అద్దంలా ఉంటుందని చెప్పింది. మనవరాలు ఎవరి పోలికో చూడండి. తిరుగు దారిలో అనుమసముద్రంపేటలో దిగి దర్గాలో చక్కెర మీద ఫాతిహా చదివించి పంచుకున్నాం. అందరికంటే ఎక్కువ నేనే తిన్నాను.

రాంకు వచ్చింది. మెకానికల్‌లో సీటూ వచ్చింది. మొన్న కాలేజీకి పోతూ, సంచిలో బట్టలకంటే ముందు నాలుగు చెంచాలూ ఒక గరుకు కాగితమూ సర్దుకుంది. బస్సు ఎక్కేముందు ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "బాగుండాది తాతా, ఆ ఏడుగురు ఎవరు?" అంది.

సరే, చెప్పేస్తాను. ఏడుగురు నా కల్పనే. వచ్చింది ఆ చేజర్ల అబ్బాయి ఒక్కడే. వాడు కూడా నా తలను దగ్గరి నుంచి చూసి, ముక్కు మూసుకుని, వేలును తన తలకే రుద్దుకుని లోపలికి పోయాడు.