సాయంకాలం దాకా

"కుండలన్నీ బూడిదేసి తోము. రేపు ప్రభువు బల్ల. ఇంట్లో మైల ఉండకూడదు," అని చెప్పి శీనయ్య అరుగు మీద కూర్చుని బైబిలు పుస్తకం తెరిచాడు. నీళ్లు మోయడం, తోమడం, విసరడం భార్య రెబెకమ్మ పనులు. శుద్ధి గురించి చదవడం అతని పని.

ఆత్మకూరు పక్కన మాదిగపల్లెకు శీనయ్య క్రైస్తవ ఉపదేశి. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం ముట్టకూడదని మిషను దొర కట్టడి. మొన్న రెడ్డిగారి ఎద్దు చస్తే ముసలి ఓబమ్మ ఆకలికి ఆగలేక రెండు ముక్కలు ఉడకేసుకుంది. రేపు ఆమెను సంఘం ముందు నిలబెట్టి, ఆరు నెలలు ప్రభువు రొట్టె పంచే బల్లకు దూరం చేయాలని శీనయ్య తీర్మానం. ఓబమ్మకు ఇంకే సుఖమూ లేదు. ఆ రొట్టె ముక్క మీదే ప్రాణం. "ఆరు నెలలు నేనుంటానో పోతానో పాపా," అని పొద్దున వాగు దగ్గర రెబెకమ్మ ముందు ఏడ్చింది.

అటక మీది చిన్న కుండ దించగానే రెబెకమ్మకు ఆ వాసన తగిలింది. అడుగున అమ్మ ఇచ్చిన ఎండు మాంసం తునకలు ఇంకా కాసిని ఉన్నాయి. చెయ్యి తోమడం మరిచింది. ఉదయగిరి కొండ కింద పుట్టింటి వాకిలి, తాడు మీద ఎర్రగా వేలాడే తునకలు, కర్ర పట్టుకుని కాకులను తోలే తను. నిప్పుల మీద తునక కాల్చి, రాతి మీద దంచి, ఉప్పూ మిరపకాయా తగిలించి ముద్దలో పెట్టే అమ్మ చెయ్యి. "మగోళ్లు తిన్నాక మిగిలితేనే మనకు," అనేది అమ్మ నాగులమ్మ. అంటూనే కూతురి కోసం ఒకటి కొంగున దాచేది. జనం వేలకు వేలుగా పోయిన ధాత కరువులో ఆ అమ్మే ఈ కుండ నెత్తిన పెట్టుకుని అంత దూరమూ నడిచి వచ్చింది. అప్పటికి శీనయ్య జ్వరంతో పడి ఉన్నాడు. ఇంట్లో గుప్పెడు రాగిపిండి తప్ప ఏమీ లేదు. రెబెకమ్మ తునకలు దంచి గంజిలో కలిపి పట్టింది. శీనయ్య లేచాడు. దారి పొడుగునా ఆ కుండ మూత తీయని అమ్మ మాత్రం ఆకలితో పడిపోయి మళ్లీ లేవలేదు. లేచినవాడు ఇంటింటికీ చెప్పుకున్నాడు, "దేవుడు నాకు ఆకాశం నుంచి మన్నా కురిపించినాడు," అని. ఆ గంజిలో ఏముందని మాత్రం అడగలేదు. తినేముందు వండిన చేతిని అడిగే మగవాణ్ని రెబెకమ్మ ఇంతవరకు చూడలేదు.

అరుగు మీద చదువు సాగుతోంది. తనంతట చచ్చినదాన్ని తిన్నవాడు బట్టలు ఉతుక్కోవాలి. సాయంకాలం దాకా అపవిత్రుడు.

"మామా, సాయంకాలం దాకానే గదా? ఓబవ్వకు ఆరు నెలలెందుకు?"

"అది మోషే ధర్మం. మనం దాని కింద లేము."

"లేకపోతే తినొచ్చు గదా. నోట్లోకి పోయేది మనిషిని చెరపదు, నోట్లోంచి వచ్చేదే చెరుపుద్దని యేసుసామి చెప్పినాడంటివి. పేతురుకు దుప్పట్లో అన్ని జంతువుల్నీ దించి తినమన్నాడంటివి."

"అవి వేరే. నీకు తెలవదు, ఊరుకో."

"మరి నెలనెలా ఆ నాలుగు దినాలు నన్ను పుస్తకం ముట్టొద్దంటావే, అది ఎవురి ధర్మం? దాని కింద నేనొక్కదాన్నే ఉండానా?"

శీనయ్య పుస్తకంలో పుట తిప్పాడు. "పో, పొయ్యి సంగతి చూడు."

చూసింది. మిగిలిన తునకలన్నీ కాల్చి, దంచి, గంజిలో కలిపి తెచ్చి ముందు పెట్టింది. శీనయ్య ఒక గుక్క తాగి ఆగాడు. ముఖం మెత్తబడింది.

"ఏందే ఇది? నేను జబ్బులో ఉన్నప్పుడు పట్టినావే, అదే రుచి!" గిన్నె ఎత్తి అడుగంటా తాగాడు.

"అదే. మా అమ్మ మోసుకొచ్చిన తునకలు. కరువులో చచ్చిన గొడ్డువి."

శీనయ్య ఖాళీ గిన్నె కింద పెట్టాడు. రెబెకమ్మ గిన్నె అందుకుని, బూడిద వేసి తోమసాగింది.

"రేపు ఓబవ్వ పక్కన కూచుంటా. ఆమెను లేపితే నేనూ లేస్తా. ఎందుకు లేచినావని అడిగితే నువ్వు తాగిన గంజి సంగతి చెబుతా. సాయంకాలం దాకా అంటే నీకూ ఆమెకూ సాయంకాలం దాకానే. ఆరు నెలలంటే ఇద్దరికీ ఆరు నెలలే. ఏదో ఒకటి చదువు, మామా."