మబ్బేస్తే ఆపేసే ఫోన్లు

కర్ణాటకలో బాళగనూరు పక్కన, తెలుగు రైతులు వలసొచ్చి స్థిరపడ్డ క్యాంపులో, బసవయ్యగారి ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఆకాశంలో మబ్బు కనబడితే చాలు, ఇంట్లో ఫోన్లన్నీ ఆపెయ్యాలి. ఆపేస్తే సరిపోదు, గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాలి. బియ్యంలోకి పిడుగు దిగదని ఆయన భార్య వెంకటరత్నమ్మగారికి ఎవరు చెప్పారో ఆవిడకే గుర్తు లేదు. నీళ్ళలో పడ్డ ఫోన్‌ని బియ్యంలో పెడతారని ఎక్కడో విని, ఆ మాటనీ ఈ భయాన్నీ కలిపి ఆవిడే సొంతంగా కనిపెట్టిన వైద్యం అయ్యుంటుంది.

కట్టడి ఎందుకొచ్చిందో మాత్రం క్యాంపులో అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట, ఇలాగే రెండో పంట కోతల రోజుల్లో, వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు కోటి కళ్ళంలో ధాన్యం మీద బరకాలు కప్పడానికి వెళ్ళి పిడుగు పడి పోయాడు. పోయేటప్పుడు అతని చేతిలో ఫోన్ ఉంది. అవతలి వైపు ఉన్నది అతని భార్య దేవిక. "వాన ముంచుకొస్తోంది, ఇంటికి వచ్చెయ్యండి" అంది ఆమె. "ఆఁ, వస్తున్నా" అన్నాడు అతను. తరవాత ఫోన్‌లో ఏమీ వినబడలేదు.

ఫోనే పిడుగుని లాగిందన్నారు. కాలి నల్లబడ్డ ఆ ఫోన్‌ని చూసిన ప్రతివాడూ అదే అన్నాడు. కోటి చేతికున్న వెండి కడియం కూడా నల్లబడింది, పాపం దాన్నెవరూ ఏమీ అనలేదు. ఫోన్ పిడుగుని లాగితే, ఆ ఫోన్ మోగించింది ఎవరు? ఇక చెప్పేదేముంది? మొహం మీద ఎవరూ అనలేదు, మర్యాదస్తులు. కానీ ఎక్కడ ఉరుము వినబడినా ఎవరో ఒకరు "ఫోన్లు ఆపండ్రా, కోటి సంగతి తెలుసుగా" అనడం, అన్నాక దేవికని చూసి నాలిక కరుచుకోవడం. ఆ నాలిక కరుచుకోవడమే ఆమెకి తిట్టుకన్నా ఎక్కువ తగిలేది.

అత్తగారు అంతమాత్రం కూడా అనలేదు. ఉరిమినప్పుడల్లా కోడలి చేతులకేసి చూసేది, అంతే. చేతిలో ఏముందో చూసేది. గిన్నె ఉంటే చూపు మరల్చుకునేది. రెండేళ్ళుగా దేవిక ఆ చూపు కింద అన్నం వండింది, బట్టలుతికింది, కూతురు నేత్రకి జడలు వేసింది. ఏడుపు ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు ఆమెకి మిగిలింది అలసట ఒక్కటే. పొద్దున్న లేస్తూనే అలసిపోయి ఉండేది.

ఫోన్ల గురించి క్యాంపు జనానికి తెలియనిది లేదు. ఛార్జింగ్ నిండాక ఒక్క నిమిషం ఉంచితే పేలుతుందని ఒకరు, టవరు పెట్టినప్పటి నుంచే వరికి తాలు ఎక్కువైందని ఇంకొకరు. కోటి బాబాయి కొడుకు ప్రకాశ్ అయితే మరీ ఘనుడు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెడితే పిడుగు దాన్ని విమానం అనుకుని వదిలేస్తుందని, చావుకొచ్చిన చుట్టాల మధ్య కూర్చుని గట్టిగా వాదించాడు. ఆ మాటకి తలలూపిన వాళ్ళున్నారు. దేవిక కూడా అప్పట్లో నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? ఆమె చెవిలోనే కదా అతని మాట ఆగిపోయింది.

నమ్మకం సడలింది కిందటేడాది నేత్ర బడిలో తల్లుల మీటింగ్‌కి వెళ్ళినప్పుడు. సైన్సు చెప్పే స్ఫూర్తి టీచరు ఆవేళ పిడుగుల గురించి కన్నడంలో మాట్లాడింది. వెనకటికి గోడకి తీగతో ఉండే ఫోన్లు ఉండేవట. పిడుగు పడితే ఆ తీగ వెంట ఇంట్లోకి వచ్చేదట. ఆ భయం అలాగే చేతిలో ఫోన్‌కీ అంటుకుందట. "తీగే లేని ఫోన్ పిడుగుని ఎలా పిలుస్తుందమ్మా? మనిషి చెట్టు కింద నిలబడ్డాడా, బయల్లో నిలబడ్డాడా, అది చూసుకోండి. ఇంట్లోకి వెళ్ళండి, లేకపోతే తలుపులేసిన కార్లో కూర్చోండి" అంది టీచరు. వెనక బల్ల మీద కూర్చున్న దేవికకి చెవులు గింగురుమన్నాయి. కోటి పడి ఉన్నది తుమ్మచెట్టు మొదట్లో. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ చూశారు. చూసి కూడా ఫోన్‌నే పట్టుకున్నారు.

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె ఆ మాట చెప్పింది. వెంకటరత్నమ్మగారు పప్పు వడ్డిస్తూ, "చదువుకున్నవాళ్ళు వెయ్యి చెప్తారు, పోయినవాణ్ణి తెచ్చిస్తారా?" అంది. బసవయ్యగారు సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దన్నట్టే అనిపించింది దేవికకి. ఎత్తలేదు. తను నిర్దోషినని తనకొక్కదానికే తెలిసి ఏం లాభం? ఇంట్లో వాళ్ళు ఒప్పుకోని మాట నిజమైనా ఒకటే, కాకపోయినా ఒకటే అనుకుని నోరు మూసుకుంది.

ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ మబ్బేసింది. పడమటి వైపు నుంచి కారునలుపుగా కమ్ముకొచ్చింది. వెంకటరత్నమ్మగారు వంటింట్లోకి పరిగెత్తి ఫోన్లు చుట్టి డబ్బాలో పెట్టేసింది. బసవయ్యగారు పొద్దున్న నడిచి కళ్ళానికి వెళ్ళినవారు ఇంకా రాలేదు. కోసిన ధాన్యం రాశిగా అక్కడే ఉంది.

అంతలో కూలికెళ్ళిన హనుమవ్వ తలమీద సంచి కప్పుకుని వీధిలో పరుగులాంటి నడకతో వెళ్తూ గుమ్మం ముందు ఆగింది. "అక్కా, మీ మావ, దణి, ఇంకా కళ్ళంకాడనే ఉండారు. మేమందరం వచ్చేసినం. రాండి అంటే రాలే. చెట్టుకింద నిలబడిండారు" అంది.

చెట్టు కింద అన్న మాట వినగానే దేవిక చేతిలో పని వదిలేసింది. వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసి తన ఫోన్ బయటికి లాగింది. వెంకటరత్నమ్మగారు కెవ్వుమంది.

"ఏం చేస్తున్నావే!"

"మావయ్యకి ఫోన్ చేస్తున్నా." చేసింది. ఆయన ఫోన్ ఆపేసి ఉందని చెప్పింది ఫోన్‌లో రికార్డు గొంతు.

"ఆపేసే ఉంటారు. కట్టడి తెలీదా ఆయనకి? ఫోన్ ఆపేశారుగా, ఇంకేం భయం లేదు" అంది అత్తగారు, నిజంగానే కుదుటపడి.

దేవికకి ఒళ్ళు మండిపోయింది. "ఫోన్ ఆపితే పిడుగు ఆగుతుందా అత్తయ్యా? చెట్టు కింద ఉన్నారు ఆయన!" అని వ్యాన్ తాళాలు తీసుకుంది. బసవయ్యగారికి కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆ పాత మారుతీ వ్యాన్ ఆమే నడుపుతోంది.

వెంకటరత్నమ్మగారు గుమ్మానికి అడ్డం వచ్చింది. ఆవిడ చూపు కోడలి చేతి మీదే ఉంది. "వెళ్తే వెళ్ళు. కానీ ఆ ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్ళు. ఆయన దగ్గరికి దాన్ని తీసుకెళ్ళకే, నీకు దణ్ణం పెడతా."

ఆవిడ నిజంగానే చేతులు జోడించింది. రెండేళ్ళుగా నోటితో అనని మాటని ఆ చేతులు అనేశాయి. దేవిక ఆ చేతుల పక్కనుంచి, ఫోన్ పట్టుకునే, దాటుకుని వెళ్ళిపోయింది.

కాలవ గట్టు మీద మట్టి అప్పుడే జారుడు పట్టింది. చినుకులు అద్దం మీద రాళ్ళలా పడుతున్నాయి. కోతలైపోయిన మళ్ళు ఖాళీగా ఉన్నాయి, వాటి మధ్య ఎత్తుగా ఉన్నవి తుమ్మచెట్లే. దూరంగా ఒకదాని కింద తెల్లపంచె కనిపించింది.

బసవయ్యగారు చేతులు కట్టుకుని, బస్సు కోసం చూస్తున్నంత తాపీగా నిలబడి ఉన్నారు. కప్పిన రాశి మీద, బాగా దూరంలో, ఆయన ఫోన్ ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. వ్యాన్‌ని చూసి, ఏమీ పరవాలేదు, తగ్గాక వస్తానన్నట్టు చెయ్యి ఊపారు. దేవిక హారన్ మీద హారన్ కొట్టింది. ఆయన కదల్లేదు. ఇక లాభం లేదని ఆమె వానలోకి దిగి పరిగెత్తి, జన్మలో ఎప్పుడూ చెయ్యని పని, మావగారి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. వ్యాన్‌లోకి తోసి, తలుపులు బిగించి, అద్దాలు పైకెత్తింది. కాలవ అవతల ఎక్కడో పిడుగు పడింది. వ్యాన్ మొత్తం అదిరింది.

"ఫోన్ అక్కడ పెట్టేశాను కదమ్మా. ఎందుకింత కంగారు?" అన్నారాయన, తుండుతో మొహం తుడుచుకుంటూ.

"ఆవేళ ఆయన ఎక్కడ నిలబడ్డారు మావయ్యా?"

బసవయ్యగారు తుండు మడత పెట్టసాగారు.

"చెట్టు కిందే కదా. ఫోన్ చేతిలో ఉన్నా లేకపోయినా పోయేవారే. బడిలో విన్నది మీకు చెప్పాను. మీరు కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చి ఆ చెట్టు కిందే నిలబడతారా?"

"మబ్బేసినప్పుడల్లా నిలబడతాను" అన్నారాయన.

దేవికకి అర్థం కాలేదు.

"వాడు బరకం కప్పి ఇంటికి బయలుదేరాడమ్మా. తడిసిపోతావురా, వాన తగ్గేదాకా ఆ చెట్టు కిందకి పో అని కేకేసింది నేను. నేను మోటారు షెడ్డులో ఉన్నాను. నా మాట విని వెనక్కి తిరిగాడు. చెట్టు కిందకి వెళ్ళాక నీ ఫోన్ వచ్చింది." ఆయన అద్దంలోంచి ఆ చెట్టు వైపు చూపించారు. "నీ టీచరు చెప్పింది నిజమైతే వాణ్ణి నేను చంపినట్టు. అందుకని నిజం కాదనుకోవాలనుకున్నాను. మబ్బేసినప్పుడల్లా వచ్చి నిలబడతాను. ఏమీ కాకపోతే, చూశావా, చెట్టుది తప్పు కాదు, ఫోన్‌దే అని ఇంటికొస్తాను. ఇంటికొచ్చి అన్నం తింటాను."

వాన వ్యాన్ పైకప్పు మీద దబదబా కొడుతోంది. దేవికకి ముందు కోపం వచ్చింది, తల నుంచి కాళ్ళ దాకా వచ్చింది. అరవాలనుకుంది. కానీ అరిచే ఓపిక లేదని మధ్యలోనే తెలిసింది.

"రెండేళ్ళు మావయ్యా" అంది. "అత్తయ్య నా చేతులకేసి చూస్తుంటే మీరు పక్కనే ఉండి ఊరుకున్నారు."

"ఊరుకున్నాను" అన్నారాయన. ఇంకేమీ కలపలేదు, క్షమించమని కూడా అనలేదు. కిటికీ వైపు తిరిగి ఏడ్చారు. ఆయన ఏడవడం ఆమె కోటి పోయిన రోజున కూడా చూడలేదు. ఓదార్చాలనిపించలేదు, అలాగని వదిలెయ్యాలనీ అనిపించలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

అప్పుడు ఫోన్ మోగింది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మెరుపు మెరిసింది, ఆ వెలుతురులోనే తెర మీద పేరు కనిపించింది. అత్తయ్య. దేవిక చెయ్యి ముందుకు వెళ్ళలేదు. టీచరు చెప్పిన మాటలన్నీ తెలుసు, అయినా చెయ్యి వెళ్ళలేదు. ఫోన్ మోగుతూనే ఉంది. బసవయ్యగారు దాన్ని తీసి, నొక్కి చెవికి పెట్టుకున్నారు.

"ఎవరూ? దేవికా? ఏవండీ? ఎక్కడున్నారు? పలకరేం!" వెంకటరత్నమ్మగారి అరుపులు పక్క సీట్లోకి కూడా వినబడుతున్నాయి.

"రత్నం, వ్యాన్‌లో ఉన్నాం, ఇద్దరం బాగానే ఉన్నాం. ఏడవకు. నేను చెప్పేది విను." ఉరుము ఉరిమింది. ఆయన ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నారు. "ఆవేళ అబ్బాయిని చెట్టు కిందకి పొమ్మన్నది నేను. ఇంటికొచ్చేవాణ్ణి ఆపి పొమ్మన్నాను. ఈ పిల్ల ఫోన్ వల్ల ఏమీ కాలేదు. వింటున్నావా? నా మాట విని పోయాడు వాడు."

అవతల ఏమీ వినబడలేదు. అంత సేపు ఏమీ వినబడకపోతే దేవికకి పాత భయం తిరిగొచ్చింది. చివరికి సన్నగా ఒక మాట వచ్చింది. "దానికివ్వండి."

దేవిక ఫోన్ అందుకుంది.

"మబ్బులో ఫోన్ చేశానే" అంది వెంకటరత్నమ్మగారు.

"ఆఁ, అత్తయ్యా."

"చెయ్యకూడదనే కూర్చున్నాను. మీరిద్దరూ బయటున్నారు. ఆ మెరుపులు చూస్తుంటే నా వల్ల కాలేదు. మీ గొంతు వింటే చాలనిపించింది." ఆవిడ ముక్కు ఎగపీల్చుకుంది. "ఆవేళ నీక్కూడా ఇలాగే అయ్యుంటుంది కదే?"

దేవిక కళ్ళు మూసుకుంది. రెండేళ్ళలో ఆమెని ఎవరూ అడగని ప్రశ్న అది. పిడుగు ఎలా పడిందని అడిగారు, ఫోన్ ఎన్నిసార్లు మోగిందని అడిగారు, ఆఖరి మాట ఏమిటని అడిగారు.

"అవునత్తయ్యా" అంది. "చాలా భయమేసింది. అందుకే చేశాను."

"ఊఁ" అంది అవతల అత్తగారు. వాన తగ్గేదాకా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.